చేతిచూపు

"అబ్బాయి అమెరికాలో డాక్టరేనట. కాకపోతే ఎం.డి. కాదు, డి.ఓ. అట. అంటే కళ్ళ డాక్టరా అండీ?"

కూతురికి సంబంధాలు చూస్తున్న ఒక తల్లి ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. ఆమె అనుమానం సబబైనదే. మన ఊళ్ళలో ఆస్పత్రి బోర్డు మీద ఎం.బి.బి.ఎస్. పక్కన డి.ఓ. అని ఉంటే కంటి వైద్యంలో డిప్లొమా చేసినవారని అర్థం. అబ్బాయి తరఫువాళ్ళు 'ఆస్టియోపతిక్ మెడిసిన్' అని చెప్పారట. గ్రీకు భాషలో 'ఆస్టియోన్' అంటే ఎముక అని ఈవిడ ఎక్కడో చదివారు. దాంతో రెండో ప్రశ్న వచ్చింది. "పోనీ ఎముకల డాక్టరా? మన పుత్తూరు కట్టు లాంటిదా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. అమెరికాలో డి.ఓ. అంటే 'డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్'. ఈ పట్టా ఉన్నవారు మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, కాన్పులు చేస్తారు, గుండె డాక్టర్లూ మెదడు సర్జన్లూ అవుతారు. యాభై రాష్ట్రాల్లోనూ ఎం.డి.కి ఉన్న హక్కులన్నీ వీరికీ ఉన్నాయి. 2020లో అధ్యక్షుడు ట్రంప్‌కు కోవిడ్ సోకినప్పుడు కెమెరాల ముందుకొచ్చి వివరాలు చెప్పిన శ్వేతసౌధం వైద్యుడు షాన్ కాన్లీ డి.ఓ. ఆ తర్వాత బైడెన్‌కు వైద్యుడిగా ఉన్న కెవిన్ ఓకానర్ కూడా డి.ఓ.నే. ఈనాడు అమెరికాలో వైద్యవిద్య చదువుతున్న ప్రతి నలుగురిలో ఒకరికి మించి ఈ దారిలోనే ఉన్నారు. వారిలో మన తెలుగువాళ్ళ పిల్లలూ ఉన్నారు.

హక్కులన్నీ ఒకటే అయినప్పుడు రెండు పట్టాలెందుకు? ఆ తల్లి అడగని ప్రశ్న ఇది. నాకు మాత్రం అసలు ప్రశ్న ఇదే అనిపిస్తుంది. దీనికి జవాబు ఒక తండ్రి దుఃఖంలో మొదలవుతుంది.

ముగ్గురు పిల్లలను పోగొట్టుకున్న వైద్యుడు

ఆండ్రూ టేలర్ స్టిల్ 1828లో వర్జీనియాలో పుట్టాడు. తండ్రి మత ప్రబోధకుడు, వైద్యుడు కూడా. అప్పట్లో వైద్యం నేర్చుకోవడమంటే ఎక్కువమందికి ఒక పెద్ద వైద్యుడి వెంట తిరిగి నేర్చుకోవడమే. స్టిల్ తండ్రి వెంట తిరిగాడు. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పనిచేశాడు. 1864లో కాన్సస్‌లో ఆయన ఇంట మెదడు పొరల వాపు జబ్బు జొరబడి ముగ్గురు పిల్లలను తీసుకుపోయింది. పేరున్న వైద్యులను పిలిపించాడు. వాళ్ళు చేతనైనదంతా చేశారు. ఒక్కరూ దక్కలేదు.

ఆ రోజుల్లో వైద్యుల చేతిలో ఉన్నదేమిటో తెలిస్తేగాని ఆయన కోపం అర్థం కాదు. పాదరసంతో చేసిన కెలోమెల్ అనే మందు, నల్లమందు, సారా, నరం కోసి నెత్తురు తీయడం. కెలోమెల్ ఎక్కువైతే నోట్లోంచి చొంగ ఆగకుండా కారేది, పళ్ళు ఊడిపోయేవి. క్షయకు ఒక సూక్ష్మజీవి కారణమని రాబర్ట్ కోచ్ చూపించడానికి ఇంకా పద్దెనిమిదేళ్ళ వ్యవధి ఉంది. చాలా జబ్బుల్లో, వైద్యుడు వచ్చి వెళ్ళిన ఇంటికన్నా రాని ఇల్లే మెరుగ్గా ఉండేదంటే అతిశయోక్తి కాదు.

స్టిల్ మందులను నమ్మడం మానేసి శరీరాన్ని చదవడం మొదలుపెట్టాడు. మూలవాసుల సమాధులు తవ్వి ఎముకలు తెచ్చుకుని ఒక్కొక్కదాన్నీ తడిమి నేర్చుకున్నానని ఆయనే రాసుకున్నాడు. ఆ చదువుకు చెల్లించిన మూల్యం ఇంకొకరి పూర్వీకుల అస్థికలన్న సంగతి దాచకూడదు. ఆయనకు తట్టిన ఆలోచన ఇది: శరీరానికి తనను తాను బాగుచేసుకునే శక్తి ఉంది. ఎముకలు, కండరాలు, వాటిని చుట్టి ఉండే పొరలు ఎక్కడైనా బిగుసుకుపోతే నెత్తురూ నరాల సంకేతాలూ సరిగా పారవు. ఆ బిగువును చేత్తో సడలిస్తే శరీరం తన పని తాను చేసుకుంటుంది. పొలంలో బోదెకు అడ్డుపడిన మట్టిపెళ్ళను తీసేస్తే నీరు తనంతట తానే మడిలోకి పారినట్టు.

1874లో ఈ భావాన్ని బయటపెట్టాడు. బేకర్ విశ్వవిద్యాలయంలో చెప్పబోతే అనుమతి దొరకలేదు. ఆ విద్యాసంస్థకు స్థలమిచ్చినవారిలో ఆయన కుటుంబమూ ఉంది. ఊరూరా తిరిగాడు. మెరుపులా ఎముకలు సరిచేసేవాడినని తన గురించి ప్రకటించుకున్నాడు. పుత్తూరు కట్టుతో పోలిక తెచ్చిన ఆ తల్లి ఊహ ఈ ఒక్క ఘట్టం వరకు నిజానికి దగ్గరగానే ఉంది. చివరికి మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో స్థిరపడి 1892లో బడి పెట్టాడు. రెండు గదుల చెక్క ఇల్లు, సుమారు ఇరవై మంది విద్యార్థులు. ఆడవాళ్ళనూ మొదటి నుంచే చేర్చుకున్నాడు. ఎడిన్‌బరోలో చదివిన విలియం స్మిత్ అనే వైద్యుడు శరీర నిర్మాణశాస్త్రం చెప్పాడు. ఆ బడి ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది, స్టిల్ పేరు మీద విశ్వవిద్యాలయంగా.

స్టిల్ చాలా విషయాల్లో పొరబడ్డాడు. దాదాపు ప్రతి రోగానికీ మూలం వెన్నులోనో కీళ్ళలోనో ఉందనుకున్నాడు. చెడ్డ మందులతో పాటు మంచి మందులనూ తిరస్కరించాడు, టీకాలను సైతం వద్దన్నాడు. 1917లో ఆయన పోయాక, ఆయన శిష్యులే మందుల శాస్త్రాన్ని పాఠ్యప్రణాళికలోకి తెచ్చారు. గురువు మాటను దాటి గురువు ప్రశ్నను నిలబెట్టుకున్నారు. ఈ వృత్తి బతికి బట్టకట్టింది అందువల్లే. అలా మారనివాళ్ళూ ఉన్నారు. బ్రిటన్‌లో 'ఆస్టియోపాత్' అంటే చేతులతో మాత్రమే చికిత్స చేసేవారు. 1993 నాటి చట్టం కింద వారికి గుర్తింపు ఉంది గానీ, ఆ అర్హతతో వారు వైద్యులు కారు. పేరు ఒకటే అయినా అమెరికా డి.ఓ.తో వారిని కలపకూడదు.

చట్టం ముందు సమానత్వం మాత్రం అంగుళం అంగుళంగా దక్కింది. 1896లో వెర్మాంట్ రాష్ట్రం మొదట లైసెన్సు ఇచ్చింది. అన్ని రాష్ట్రాల్లో పూర్తి హక్కులు రావడానికి 1973 దాకా పట్టింది. మధ్యలో 1962లో కాలిఫోర్నియాలో ఒక వింత జరిగింది. రెండువేల మందికి పైగా డి.ఓ.లు 65 డాలర్లు కట్టి, ఒక చిన్న పరిచయ కార్యక్రమానికి హాజరై, ఎం.డి.లుగా మారిపోయారు. కొత్త డి.ఓ.లకు లైసెన్సులు ఆపేశారు. ఈ వృత్తిని అంతం చేయాలనుకున్న ఆ పని తిరగబడింది. 65 డాలర్లతో ఒకరు ఇంకొకరు కాగలిగితే, ఇద్దరి మధ్య అంత తేడా ఏముందని దేశమంతా అడిగింది. 1966లో సైన్యం డి.ఓ.లను వైద్యులుగా తీసుకోవడానికి తలుపు తెరిచింది. 1974లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు లైసెన్సులు మళ్ళీ ఇవ్వాలని తీర్పు చెప్పింది.

గుమ్మం దాకా నడక

మన దగ్గర ఇంటర్ అయ్యాక నీట్ రాసి పద్దెనిమిదేళ్ళకే మెడికల్ కాలేజీలో అడుగుపెట్టవచ్చు. అమెరికాలో ముందు నాలుగేళ్ళ డిగ్రీ కావాలి. జీవశాస్త్రం, రసాయనం, భౌతికం చదవాలి. తర్వాత ఎంక్యాట్ అనే పరీక్ష. విరామాలతో కలిపి ఏడున్నర గంటలు. మార్కులు 472 నుంచి 528 దాకా ఉంటాయి. ఎం.డి., డి.ఓ. రెండింటికీ ఇదే పరీక్ష. డి.ఓ. కాలేజీల్లో చేరేవారి సగటు మార్కులు ఎం.డి. కాలేజీల కన్నా కొన్ని పాయింట్లు తక్కువగా ఉంటాయి. చాలామంది రెండింటికీ దరఖాస్తు చేస్తారు, ఎం.డి. రాక డి.ఓ.లో చేరేవారూ ఉన్నారు. అమెరికాలోని మన కుటుంబాల్లో దీన్ని గుసగుసగా చెప్పుకుంటారు. గుసగుస అక్కర్లేదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఒకరోజు పరీక్షలో వచ్చిన అంకె, నలభై ఏళ్ళ వయసులో రోగి పక్కన కూర్చునే మనిషిని నిర్ణయించదు.

డి.ఓ. కాలేజీలు అంకెలతో పాటు మరికొన్ని చూస్తాయి. డి.ఓ.గా పనిచేస్తున్నవారి వెంట కొన్నాళ్ళు తిరిగావా, పల్లెల్లో పనిచేస్తావా, వేరే ఉద్యోగం మానుకుని వస్తున్నావా అని అడుగుతాయి. వీటిలో చాలా కాలేజీలు వైద్యులు దొరకని చోట్లే వెలిశాయి. కెంటకీ కొండల్లో, బొగ్గుగనుల ప్రాంతంలో ఉన్న పైక్‌విల్ కాలేజీ 1997లో మొదలైంది అందుకే. డి.ఓ.ల్లో సగానికి పైగా కుటుంబ వైద్యం, పిల్లల వైద్యం, సాధారణ వైద్యం వంటి తొలి మెట్టు వైద్యంలో ఉండడం ఈ ఎంపికకు ఫలితమే. ఫీజులు మాత్రం భారీ. చదువు ముగిసేసరికి నెత్తిన 2 లక్షల డాలర్లకు పైబడిన అప్పు ఉండడం అక్కడ మామూలు. పల్లెకు వెళ్ళాలన్న కోరికను ఆ అప్పు ఎంతగా నలిపేస్తుందో, ఆ దేశం ఇంకా సూటిగా చూడవలసే ఉంది.

కాగితం కింద వెంట్రుక

ఒక చిన్న ప్రయోగం చేయండి. తల వెంట్రుక ఒకటి తీసి ఏదైనా పుస్తకంలో ఒక పేజీ కింద పెట్టండి. కళ్ళు మూసుకుని, వేలికొనతో పేజీ మీద తేలికగా నిమరండి. మొదట ఏమీ తెలియదు. గట్టిగా నొక్కితే అసలే తెలియదు. ఒత్తిడి తగ్గించి, నెమ్మదిగా, ఓపిగ్గా కదిలిస్తే సన్నటి గీత తగులుతుంది. అది తెలిశాక ఇంకో పేజీ కప్పండి. తర్వాత ఇంకోటి.

డి.ఓ. విద్యార్థులకు మొదట్లో ఇచ్చే పాత అభ్యాసం ఇది. 'పాల్పేషన్' అనే మాటకు మన వైద్యగ్రంథాల్లో స్పర్శ పరీక్ష అని ఉంటుంది. నాకు 'చేతిచూపు' అనడం ఇష్టం, ఎందుకంటే ఇక్కడ చెయ్యి కన్నులా పనిచేస్తుంది.

ఇది మనకు కొత్త విద్య కాదు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం. అరిసెలకు బెల్లం పాకం కుదిరిందో లేదో రెండు వేళ్ళ మధ్య ఉండ చేసి చెబుతాం. పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడితే తల్లి మెడ కింద చేతి వెనకవైపు ఆనించి చూస్తుంది. చేతి వెనక చర్మం పలచన, వేడి తేడా అక్కడ బాగా తెలుస్తుంది. డి.ఓ. పాఠంలోనూ వేడిని చేతి వెనకవైపుతో చూడమనే చెబుతారు.

వేలికొనలో ఉన్న యంత్రాంగం అబ్బురమైనది. అక్కడి చర్మంలో స్పర్శను పట్టే సూక్ష్మ గ్రాహకాలు నాలుగు రకాలు. ఒకటి అంచులనూ ఆకారాన్నీ చెబుతుంది. ఇంకొకటి, చేతిలోని గ్లాసు జారబోతుంటే మనం అనుకోకముందే పట్టు బిగింపజేస్తుంది. మూడోది అదురును పట్టుకుంటుంది. నాలుగోది చర్మం సాగడాన్ని గమనిస్తుంది. రెండు పిన్నుల మొనలను దగ్గర దగ్గరగా ఆనిస్తే, వేలికొన మీద రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉన్నా అవి రెండని తెలుస్తుంది. వీపు మీద దాదాపు నాలుగు సెంటీమీటర్ల ఎడం ఉంటేగాని తెలియదు, అంతకన్నా దగ్గరైతే ఒకే మొన అనిపిస్తుంది. ఇంట్లో ఎవరినైనా వెనక్కి తిప్పి పరీక్షించి చూడండి. మెదడులో స్పర్శకు కేటాయించిన పటంలో వేళ్ళకు దక్కిన స్థలం పెద్దది, అంత విశాలమైన వీపుకు దక్కింది చిన్న గది.

ఈ పటం సాధనతో మారుతుంది కూడా. 1995లో జర్మనీలో కొందరు శాస్త్రవేత్తలు వయొలిన్ వంటి తంత్రీ వాద్యాలు వాయించేవారి మెదళ్ళను పరిశీలించారు. తీగలు నొక్కే ఎడమచేతి వేళ్ళకు వారి మెదడులో కేటాయించిన చోటు మామూలువారి కన్నా ఎక్కువగా ఉంది. మన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఎడమచేతిని తలుచుకోండి. వినికిడితో పాటు వేళ్ళు కూడా జీవితమంతా చదువుకున్నాయి. వైద్య విద్యార్థి వేళ్ళకూ అలాంటి చదువే కావాలి.

అందుకే మొదటి రెండేళ్ళలో మిగతా పాఠాలన్నీ ఎం.డి.వారివే చదువుతూ, మృతదేహాన్ని కోసి నేర్చుకుంటూ, వాటికి అదనంగా దాదాపు 200 గంటలు చేతిచూపులోనూ చేతిచికిత్సలోనూ గడుపుతారు. ఒక పెద్ద హాలు, వరసగా బల్లలు. విద్యార్థులు జంటలుగా విడిపోయి ఒకరి వీపు ఇంకొకరు చూస్తారు. నలభై మంది తోటివాళ్ళ భుజాలు తడిమాక ఏ రెండూ ఒకేలా ఉండవని వేళ్ళకు అర్థమవుతుంది. పుస్తకంలో బొమ్మ ఒకటే, మనుషులు వేరు వేరు. ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసొస్తుంది. ప్రతి విద్యార్థీ తాను బల్ల మీద పడుకుని ఇంకొకరి చేతికి ఒళ్ళప్పగిస్తాడు. చల్లటి చెయ్యి చెప్పకుండా వీపు మీద పడితే ఎలా ఉంటుందో తెలుస్తుంది. అనుమతి అడగడం, ఎందుకు ముట్టుకుంటున్నామో చెప్పడం పాఠంలో భాగం. రద్దీ ఆస్పత్రుల్లో రోగిని సామానులా అటూ ఇటూ తిప్పడం చూసినవాడిగా, ఈ ఒక్క పాఠం కోసమైనా ఈ విద్య మీద నాకు గౌరవం.

వాళ్ళు వెతికేవి నాలుగు. కండా చర్మమూ చేతికి ఎలా తగులుతున్నాయి, కుడి ఎడమల మధ్య తేడా ఉందా, కదలిక ఎక్కడైనా ఆగుతోందా, నొక్కితే నొప్పి ఉందా. వేళ్ళు పొరలు పొరలుగా దిగాలి. ముందు చర్మం, దాని కింద కొవ్వు, కండలను చుట్టిన తెల్లటి పొర, కండ, చివరికి ఎముక. బత్తాయి తొనను చుట్టి ఉండే పలచటి పొరను తలుచుకుంటే ఆ తెల్లటి పొర ఎలాంటిదో తెలుస్తుంది. ఇంగ్లీషులో దాన్ని ఫేషియా అంటారు. తొక్క తీసినా తొనలను విడివిడిగా, కలివిడిగా పట్టి ఉంచేది అదే.

నొప్పి ఒకచోట, మూలం మరొకచోట ఉండడం గురించి కూడా చాలా చదువుతారు. గుండెకు నెత్తురు అందనప్పుడు ఎడమచెయ్యి లాగుతుంది. అపెండిక్స్ వాచినప్పుడు కడుపులో కుడివైపు కిందికి పోయే నొప్పి మొదట బొడ్డు చుట్టూ మొదలవుతుంది. ఎందుకంటే లోపలి అవయవం నుంచీ, పైన చర్మం నుంచీ వచ్చే నరాలు వెన్నుపాములో ఒకేచోట కలుస్తాయి. రెండు ఊళ్ళ నుంచి వచ్చిన ప్రయాణికులు ఒకే బస్సు ఎక్కి దిగితే, ఎవరు ఏ ఊరివారో స్టాండులో ఉన్నవాడు చెప్పలేడు. మెదడు పరిస్థితీ అంతే. ఇది ఎం.డి. విద్యార్థికీ తెలిసిన శాస్త్రమే. డి.ఓ. విద్యార్థి దాన్ని వెన్ను పొడవునా వెన్నుపూస వెన్నుపూసగా కంఠస్థం చేస్తాడు, వేళ్ళతో వెతుకుతాడు.

చేతికి ఎంతవరకు చేతనవును

చూడడంతో ఆగరు, చికిత్సా నేర్చుకుంటారు. బీరువా సొరుగు బిగుసుకుపోతే బలంగా లాగం కదా. ముందు కాస్త లోపలికి నెట్టి, వదులు చేసి, అప్పుడు లాగుతాం. ఒక పద్ధతి అచ్చం అలాంటిదే. మెడ ఎడమకు తిరగకపోతే, ఆగినచోటు దాకా తిప్పి, రోగినే కుడివైపు మెల్లగా నెట్టమంటారు. వైద్యుడి చెయ్యి అడ్డుగా ఉంటుంది. కొద్ది క్షణాలయ్యాక వదిలేయమంటారు. కండ సడలగానే మెడ ఇంకాస్త తిరుగుతుంది. ఇంకో పద్ధతిని లారెన్స్ జోన్స్ అనే డి.ఓ. 1955లో కనిపెట్టాడు. నిటారుగా నిలబడలేని రోగి ఒకతన్ని, అతనికి ఏ భంగిమలో హాయిగా ఉందో ఆ భంగిమలోనే ఆసరాలు పెట్టి కాసేపు ఉంచాడు. లేచేసరికి అతను నిటారుగా నిలబడ్డాడు. చిక్కుపడిన నూలును లాగితే ముడి బిగుస్తుంది, దగ్గరకు చేర్చి వదులు చేస్తే విడుతుంది. ఇప్పుడు ఆ భంగిమలో తొంభై సెకన్లు ఉంచుతారు.

'టక్'మనే శబ్దం వచ్చేలా కీలును ఒక్క చిన్న కుదుపుతో కదిలించే పద్ధతీ ఉంది. మనం మెటికలు విరుచుకుంటే వచ్చే శబ్దమే అది. కీలులోని జిగురు ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి వాయువుతో కూడిన ఖాళీ ఏర్పడుతుంది. ఎముక స్థానంలోకి వచ్చి కూర్చున్న శబ్దమని జనం అనుకునేది సరికాదు. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. క్షవరం షాపుల్లో మెడ పట్టి విరిచే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. మెడపూసల గుండా మెదడుకు నెత్తురు తీసుకెళ్ళే ధమనులు ఉంటాయి. మొరటుగా తిప్పితే వాటి లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే నిండు జీవితం పోతుంది. ఎవరికి ఈ పద్ధతి చేయకూడదో నేర్వడం డి.ఓ. చదువులో తప్పనిసరి. దయచేసి మీ మెడను అలా ఎవరికీ ఇవ్వకండి.

మరి ఈ చేతిచికిత్స నిజంగా పనిచేస్తుందా? 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. నడుంనొప్పి ఉన్న 155 మందిలో కొందరికి చేతిచికిత్స, కొందరికి మామూలు చికిత్స ఇచ్చి 12 వారాలు చూశారు. రెండు వర్గాలకూ ఒకేలా తగ్గింది. చేతిచికిత్స పొందినవారు మందులు తక్కువ వాడారు. 2021లో ఫ్రాన్స్‌లో 400 మంది మీద ఇంకా కట్టుదిట్టంగా చేశారు. ఒక వర్గానికి అసలు చికిత్స, రెండో వర్గానికి ఉత్తుత్తి తాకుడు. అసలు చికిత్స కాస్త మెరుగైంది గానీ, ఆ తేడా రోగి జీవితంలో తెలిసేంత పెద్దది కాదు. న్యుమోనియాతో చేరిన 406 మంది వృద్ధుల మీద చేసిన పరిశోధన 2010లో వచ్చింది. మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా తేలలేదు, చికిత్స పూర్తిగా అందినవారిని విడిగా లెక్కిస్తే మాత్రం ఆస్పత్రిలో ఉన్న రోజులు తగ్గాయి. పుర్రె ఎముకల సూక్ష్మ కదలికలను చేత్తో పట్టి సరిచేస్తామనే శాఖ ఒకటుంది. దానికి ఆధారాలు చాలా బలహీనం. ఒకే రోగిని ఇద్దరు చూస్తే ఇద్దరూ వేరువేరుగా చెబుతున్నారు. కాలేజీలు దాన్ని ఇంకా పరీక్షల్లో అడగడం నాకు నచ్చదు. మామూలు చేతిచూపులోనూ, ఎక్కడ నొప్పి ఉందన్న దాని మీద కుదిరినంత ఏకాభిప్రాయం, ఎక్కడ కదలిక ఆగిందన్న దాని మీద కుదరదు.

డి.ఓ.లు కూడా ఆచరణలో దీన్ని పెద్దగా వాడరు. తమ రోగుల్లో నూటికి ఐదుగురికైనా చేతిచికిత్స చేయడం లేదని సగం మందికి పైగా చెప్పిన సర్వే ఒకటి 2001లో వచ్చింది. టైము లేదు, ఆస్పత్రి పద్ధతులు కుదరవు, కొందరికి నమ్మకం లేదు. అయితే ఆ 200 గంటలూ వృథా అయినట్టేనా? నేను అలా అనుకోను. స్కానింగులు రాసిచ్చి కంప్యూటరు తెర వైపు తిరిగి మాట్లాడే వైద్యం పెరుగుతున్న కాలంలో, ముట్టుకుని చూడడానికి జంకని వైద్యుడిని తయారుచేసే పాఠం అది. చికిత్సగా దాని విలువ చిన్నది కావచ్చు. పరీక్షగా, పరిచయంగా దాని విలువ పెద్దది.

సంబంధం కుదిర్చే లెక్క

రెండేళ్ళయ్యాక వార్డుల్లోకి వెళతారు. నెలకో విభాగం చొప్పున సాధారణ వైద్యం, సర్జరీ, పిల్లలు, కాన్పులు, మానసిక వైద్యం. చాలా డి.ఓ. కాలేజీలకు సొంతంగా పెద్ద బోధనాస్పత్రి లేదు. విద్యార్థులు సూట్‌కేసు పట్టుకుని ఊరూరా చిన్న ఆస్పత్రులకు తిరుగుతారు. బోధన ఒక్కోచోట పలచగా ఉంటుందన్న విమర్శలో నిజముంది. అదే సమయంలో చిన్న ఆస్పత్రిలో సర్జన్ పక్కనే నిలబడే వీలు దొరుకుతుంది. పెద్ద ఆస్పత్రిలో అయితే ఐదారుగురు సీనియర్ల భుజాల మీదుగా తొంగి చూడాలి.

లైసెన్సుకు వీరికి కామ్‌లెక్స్ అనే మూడంచెల పరీక్ష ఉంది. ఎం.డి.లది యు.ఎస్.ఎం.ఎల్.ఈ. చాలామంది డి.ఓ. విద్యార్థులు రెండూ రాస్తారు. రెసిడెన్సీలో, అంటే చదువు అయ్యాక ఆస్పత్రిలో పొందే శిక్షణలో, చేర్చుకునేవారు అందరినీ ఒకే కొలతతో పోల్చాలనుకోవడమే దానికి కారణం. ఒకే విద్యకు రెండు ఫీజులు, రెండు నెలల నిద్రలేమి. ఇది అన్యాయమని చెప్పడానికి నాకేమీ సందేహం లేదు.

చదువు అయ్యాక ఏ ఆస్పత్రిలో రెసిడెన్సీ చేయాలో తేల్చే తీరు చూస్తే, సంబంధాలు చూస్తున్న ఆ తల్లికి ఎంతో నచ్చుతుంది. విద్యార్థి తనకు నచ్చిన ఆస్పత్రుల జాబితాను వరసక్రమంలో రాస్తాడు. ఆస్పత్రులూ తమకు నచ్చిన విద్యార్థులను వరసలో రాస్తాయి. కంప్యూటరు ప్రతి విద్యార్థినీ అతని మొదటి కోరిక దగ్గరికి పంపుతుంది. ఆస్పత్రి వచ్చినవారిలో మెరుగైనవారిని తాత్కాలికంగా పట్టి ఉంచుతుంది, మిగతావారు తమ రెండో కోరికకు వెళతారు. అక్కడ ఈ కొత్తవాడు ముందున్నవాడి కన్నా మెరుగైతే, ముందున్నవాడు కదలాలి. ఎవరూ కదలనవసరం లేని దశ వచ్చేదాకా ఇలా సాగుతుంది. చివరికి, ఉన్న జోడీని వదిలి ఒకరినొకరు కోరుకునే విద్యార్థీ ఆస్పత్రీ ఎక్కడా మిగలరు. ఈ లెక్కను 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ ప్రచురించారు. ఆ వ్యాసం శీర్షికలోనే పెళ్ళి బంధం ప్రస్తావన ఉంది. దీన్ని వైద్యుల ఎంపికకు కొత్తగా మలిచిన ఆల్విన్ రాత్‌కూ షాప్లీకీ 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. మార్చి నెల మూడో శుక్రవారం ఫలితాలు తెలుస్తాయి. ఇటీవలి సంవత్సరాల్లో డి.ఓ. విద్యార్థుల్లో నూటికి తొంభై మందికి పైగా జోడీ కుదురుతోంది.

ఒకప్పుడు డి.ఓ.లకు వేరే రెసిడెన్సీలు ఉండేవి. 2020 జులై 1 నాటికి రెండు వ్యవస్థలూ ఒక్కటయ్యాయి. కుటుంబ వైద్యానికి మూడేళ్ళు, సాధారణ సర్జరీకి ఐదు, మెదడు సర్జరీకి ఏడు. వారానికి ఎనభై గంటలకు మించరాదని నిబంధన. ఆ వార్డులో గుంటూరు మెడికల్ కాలేజీలోనో ఉస్మానియాలోనో ఎం.బి.బి.ఎస్. చేసి, అక్కడి పరీక్షలు రాసి వచ్చినవారు ఉంటారు. పక్కన ఎం.డి., ఆ పక్కన డి.ఓ. ముగ్గురూ ఒకే పేజర్ మోతకు లేచి పరుగెడతారు. తెల్లవారుజామున నాలుగింటికి ఎవరి కోటు మీద ఏ అక్షరాలున్నాయో ఎవరూ చూడరు.

ఆ తల్లి చివరికి అడిగింది ఒకటే. "అయితే వీళ్ళ దగ్గర చూపించుకుంటే మనిషి బాగవుతాడా, లేదా?"

దానికి లెక్క ఉంది. 2023లో అమెరికాలో పరిశోధకులు ఆస్పత్రుల్లో చేరిన వృద్ధుల రికార్డులు, మూడు లక్షలకు పైగా, పరిశీలించారు. ఎం.డి. చూసినవారిలో ముప్పై రోజుల్లో చనిపోయినవారు నూటికి 9.4 మంది, డి.ఓ. చూసినవారిలో 9.5 మంది. తేడా లేదన్నమాటే. తిరిగి ఆస్పత్రిలో చేరడం, ఎన్ని రోజులున్నారు, ఎంత ఖర్చయింది, ఇవీ దాదాపు సమానమే. ఆమె ఊపిరి పీల్చుకున్న చప్పుడు ఫోన్‌లో వినిపించింది. ఆ రికార్డుల్లో తేదీలున్నాయి, బిల్లులున్నాయి. ఆ మూడు లక్షల మందిలో ఎందరి వీపు మీద ఎవరు చెయ్యి వేసి చూశారో మాత్రం అందులో లేదు.